ఎవరూ ఉండని ఇంట్లో మా అత్త ఉద్యోగం

మా అత్తకు అరవై దాటాక దొరికిన ఉద్యోగం, ఎవరూ ఉండని ఇంటిని చూసుకోవడం. ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేసి "మీ అత్త ఏం జేస్తున్నది?" అని అడిగితే నాకు చెప్పడం చేతనయ్యేది కాదు. ఇల్లు ఊడుస్తుంది అందామంటే ఆ ఇంట్లో చెత్త వేసేవాళ్లు లేరు. వంట చేస్తుంది అందామంటే తినేవాళ్లు లేరు. "నల్లాలు తిప్పి వస్తది" అని మా ఆయన నవ్వేవాడు. ఒకరకంగా అదే నిజం.

మేముండేది సూరత్‌లో, ఉన్ అనే పేట దగ్గర, రెండు గదుల రేకుల ఇంట్లో. మా ఆయన అక్కడికి దగ్గరి మిల్లుల వాడ సచిన్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు. మా వాళ్లు వాటిని సాంచాలంటారు. నేను ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసులు కుడతాను, రాళ్లు అంటిస్తాను. మా మామ ఉన్నన్నాళ్లూ అత్త కండెలు చుట్టేది. ఆయన పోయాక కొన్నాళ్లకు చూపు ఆనక ఆ పని మానేసింది. కానీ ఊరికే కూర్చోవడం ఆమెకు రాదు. ఇంట్లో ఉంటే కడిగిన గిన్నెల్నే మళ్లీ కడిగేది.

అప్పుడు వేసు అనే కొత్త పేట వైపు పెద్ద పెద్ద టవర్లు లేస్తున్నాయి. ఫ్లాట్లు కొన్నవాళ్లకు తాళాలు ఇచ్చే ముందు నేల మీది రంగు మరకలు గీకి తుడవడానికి మా వీధి ఆడవాళ్లను ఒక మేస్త్రీ తీసుకెళ్లేవాడు. అత్త కూడా వెళ్లింది. పన్నెండో అంతస్తులో ఒక ఫ్లాట్‌ను వరాఛా పేటలో వజ్రాలు సానపట్టే కార్ఖానా ఉన్న శేఠ్ కొన్నాడు. ఆయన భార్య ఇల్లు చూసుకోవడానికి వచ్చినప్పుడు, కిటికీ జారే సందులో ఇరుక్కున్న సిమెంటును మా అత్త తలలోని పిన్నుతో తవ్వి తీస్తోందట. శేఠాణీ కాసేపు నిలబడి చూసి, "నా ఇంటికి ఈ బెన్ కావాలి" అందట. గుజరాతీలో బెన్ అంటే అక్కాచెల్లెలు. అలా కుదిరింది.

పని మొదలుపెట్టిన కొత్తలో అత్తకే అర్థం కాలేదు. పాలు పొంగించి, పూజ చేసి, చుట్టాలకు భోజనం పెట్టి వాళ్లు వరాఛా వెళ్లిపోయారు. ఉండటానికి మళ్లీ రాలేదు. రోజు విడిచి రోజు అత్త సిటీ బస్సులో వెళ్లేది. కిటికీలన్నీ తెరిచేది. ప్రతి బాత్‌రూములో నల్లా తిప్పి కొంచెంసేపు నీళ్లు వదిలేది. వదలకపోతే గొట్టాలు ఎండిపోయి కిందినుంచి వాసన వస్తుంది, బొద్దింకలు పైకి వస్తాయి. ఏసీ కాసేపు నడిపేది. వాసన పట్టకుండా ఫ్రిజ్ తలుపు తెరిచి ఉందో లేదో చూసేది. సోఫాల మీద కప్పిన దుప్పట్లు దులిపేది. బాల్కనీలో పావురాలు గూడు పెట్టబోతే వాటిని బతిమాలి పంపేది. చివరకు గోడలోని చిన్న దేవుడి గూట్లో దీపం పెట్టి, అది కొండెక్కేదాకా కూర్చుని తాళం వేసుకుని వచ్చేది.

ఒక చలికాలం ఆమెకు మోకాలు నొప్పి పట్టింది. తోడు రమ్మంటే నేను వెళ్లాను. ఆ ఇల్లు మొదటిసారి చూడటం అప్పుడే. హాల్లో నిలబడితే మా వీధి మొత్తం అందులో పడుతుందేమో అనిపించింది. పరుపుల మీద దుకాణంలో కట్టిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. వంటింట్లో పొయ్యి మీద ఒక్క మరక లేదు. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది.

"గిన్ని గదులు, ఒక్కలు లేరు. మనం నలుగురం ఆడ కాళ్లు ముడుచుకొని పంటున్నం. వీళ్లకు ఎందుకత్తా గీ ఇల్లు?" అన్నాను.

అత్త చీపురు పక్కన పెట్టి, ఇల్లు వింటుందేమో అన్నట్టు నావైపు కళ్లు పెద్దవి చేసింది.

"మెల్లగ మాట్లాడు పిల్లా. దాని తప్పేమున్నది?"

ఆ రోజు కిందికి వచ్చాక వాచ్‌మన్‌ను అడిగాను. ఉత్తరాది పెద్దమనిషి, అత్తను మాసీ, అంటే పిన్ని, అని పిలిచేవాడు. సాయంత్రం పడుతోంది. ఆయన తల పైకెత్తి టవర్ చూపించాడు. దీపాలు వెలిగిన కిటికీలు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి.

"అదిగో, ఆ మూల ఫ్లాట్ ముంబైలో చీరల వ్యాపారిది. సూరత్ వస్తే హోటల్లో దిగుతాడు, ఇక్కడికి రాడు. ఆ కింది రెండూ ఆఫ్రికాలో ఉండేవాళ్లవి. దానిపైది ఒక ఆయన కొడుకు కోసం కొన్నాడు. కొడుక్కి ఇంకా మూడో తరగతి" అన్నాడు. "నేను తాళాలకు కాపలా కాస్తున్నా బేటీ, మనుషులకు కాదు."

కొన్నాళ్లకు శేఠ్‌ను కూడా చూశాను. ఏసీ బాగుచేసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట. మా అత్తకు నమస్కారం పెట్టి, వాటర్ బాటిల్ మూత తీసి ముందు ఆమెకే ఇచ్చాడు. అలాంటి మనిషిని అడగొచ్చులే అనిపించి, అద్దెకు ఎందుకు ఇవ్వలేదని హిందీలో అడిగాను.

"అద్దెకిస్తే గోడకు మేకులు కొడతారు బెన్. వాడిన ఇల్లు పాతదవుతుంది. మూసిన ఇల్లు కొత్తదిగానే ఉంటుంది" అన్నాడు. "లాకర్లో బంగారం పెట్టినవాణ్ని, ఎందుకు వేసుకోవు అని ఎవరైనా అడుగుతారా? వజ్రాల బజారు ఇవాళ ఉంటుంది, రేపు పడుతుంది. ఇల్లు లేచి ఎక్కడికీ పోదు. పైగా మాకు ఎదిగిన పిల్లలున్నారు. సంబంధానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఇదే: వేసులో ఫ్లాట్ ఉందా?"

ఆయన దాచుకోకుండా చెప్పాడు. నేను ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే, "మన అవ్వ కాళ్లకడియాలు బీరువాల పెట్టింది గదా, గట్లనే" అన్నాడు. ఆ పోలికకు నాకు నవ్వొచ్చింది గానీ కోపం పూర్తిగా పోలేదు.

ఆ తర్వాతి వానాకాలం ఖాడీ పొంగింది. సూరత్‌లో ఊరి మధ్యగా పారే పెద్ద వాగుల్ని ఖాడీ అంటారు. పొద్దున్నే లేచేసరికి గడప దగ్గర నీళ్లు తళతళమంటున్నాయి. చూస్తుండగానే మోకాలిదాకా వచ్చాయి. ముందు నేను కుట్టాల్సిన చీరల కట్టలను మంచం మీదికి ఎక్కించాను, తర్వాత బియ్యం డబ్బా, తర్వాత మా పాపను. పాపకు అప్పుడు ఏడేళ్లు. మంచం మీద కూర్చుని పడవ ఎక్కినట్టు సంబరపడుతోంది. అత్త మాత్రం దేవుడి పటాలు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

అప్పుడే ఫోన్ మోగింది. శేఠాణీ. టీవీలో మా వైపు నీళ్లు చూపిస్తున్నారట.

"తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా, ఇంకా అక్కడెందుకు కూర్చున్నావు?" అని అరుస్తోంది. నాకు పక్కకు వినిపిస్తోంది.

"అది మీ ఇల్లు బెన్" అంది అత్త.

"ఇల్లే కదా! ఇల్లుండి నువ్వు నీళ్లలో ఉంటావా? పిల్లను తీసుకుని వెళ్లు."

మా ఆయనకు మనసొప్పలేదు. "మనం ఆడ ఎట్లుంటం అవ్వా? దొంగల్లెక్క కొడతది. స్కూల్ల పండుదాం, అందరూ గాడికే పోతున్రు."

అత్త పటాలు సంచిలో పెడుతూ, "నేను పోయొచ్చే ఇల్లేరా. నాకు కొత్తనా?" అంది.

ట్రాక్టరు మీద మెయిన్ రోడ్డుదాకా వచ్చి, అక్కడినుంచి ఆటోలో వెళ్లాం. తడిసిన బట్టలతో, సంచులతో ఆ మెరిసే గేటు ముందు దిగితే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వాచ్‌మన్ ఏమీ అడగకుండా లిఫ్టు మీట నొక్కి పెట్టాడు. పైకి వెళ్లి తలుపు తీయగానే అత్త తీరు మారిపోయింది. ఉన్‌లో పటాలు పట్టుకుని కూర్చున్న ముసలమ్మ కాదు. ఇంటి యజమానురాలు.

"చెప్పులు ఆడనే ఇడువుండ్రి. తడి కాళ్లతోని కార్పెట్ తొక్కకుండ్రి. ఒరేయ్, గా స్విచ్చి గాదు, దాని పక్కది."

మా ఆయన చేతులు కట్టుకుని చెప్పినట్టల్లా చేశాడు. పాప ఒక్కో గదిలోకీ వెళ్లి, ఎవరైనా ఉన్నారా అన్నట్టు గుజరాతీలో "కోఈ ఛే?" అని అరిచి, ఎవరూ పలక్కపోతే పకపకా నవ్వి ఇంకో గదిలోకి పరుగెత్తింది. ఇన్ని గదులుండి కూడా ఆ రాత్రి మేం నలుగురం హాల్లో నేల మీద ఒక్కచోటే పడుకున్నాం. పరుపు మీద పడుకుంటే ప్లాస్టిక్ కాగితం చప్పుడవుతోందని పాపే దిగి వచ్చేసింది.

మర్నాడు టవర్ కమిటీ సెక్రెటరీ తలుపు తట్టాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఇక్కడ యజమానుల కుటుంబాలే ఉండాలనీ, పనివాళ్లు పనయ్యాక వెళ్లిపోవాలనీ, ఇది రూలనీ చెప్పాడు. మా ఆయన అప్పటికే సంచి సర్దడం మొదలుపెట్టాడు. అత్త ఫోన్ కలిపి సెక్రెటరీ చేతికిచ్చింది. శేఠాణీ ఏమన్నదో గానీ ఆయన "నహీ నహీ, భాభీ" అంటూ ఫోన్ తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఆమే వచ్చింది. రోడ్ల మీద నీళ్లు, సగం దారులు మూసేశారు. అయినా వరాఛా నుంచి చుట్టూ తిరిగి వచ్చింది. ఒక చేతిలో సజ్జపిండి డబ్బా, ఇంకో చేతిలో పచ్చడి సీసా. మేం ఎదురెళ్లాం. లిఫ్టు దగ్గర సెక్రెటరీ ఎదురుపడితే, మా అత్త భుజం మీద చెయ్యి వేసి, "నా చెల్లెలు. ఇది చెల్లెలి కోడలు, అది మనవరాలు. ఇంకేమైనా తెలుసుకోవాలా?" అంది. ఆయన ఒకసారి మా అత్త ముక్కుపుడక వైపు, ఒకసారి శేఠాణీ వైపు చూసి, పాప తల నిమిరి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి వెళ్లిపోతుందనుకున్నాం. "వచ్చాను కదా, ఉంటాను" అని చీర మార్చుకుని వంటింట్లోకి వచ్చింది.

తీరా చూస్తే ఆ వంటింట్లో పాలు పొంగించిన గిన్నె తప్ప ఇంకేమీ లేదు. మిగిలిన గిన్నెలు వాచ్‌మన్ గది నుంచి తెచ్చుకున్నాం. ఒక పొయ్యి మీద శేఠాణీ కిచిడీ వండింది. ఇంకోవైపు అత్త చింతపండు పిసికి, ఉల్లిగడ్డలు కోసి పచ్చిపులుసు చేసింది. శేఠాణీ గరిటెతో నాలుక మీద వేసుకుని ముఖం అంతా ముడిచింది.

"ఇది ఉడకబెట్టరా?"

"ఉడకవెడితే అది చారైతది బెన్. జర కిచిడీల పోసుకొని సూడుండ్రి."

పోసుకుంది. రెండోసారి అడిగి పోయించుకుంది. అత్తకు వచ్చిన హిందీ అంతంతమాత్రం, శేఠాణీకి గుజరాతీ తప్ప పెద్దగా రాదు. మధ్యలో మా పాప మూడు భాషలూ కలిపి అటుది ఇటు చెప్పేది. కొన్ని మాటలు కావాలనే తప్పు చెప్పి నవ్వేది కూడా.

ఆ మధ్యాహ్నాల్లో ఒకరోజు వాన చినుకులు పడుతుంటే పాపను మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురం బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. గుజరాతీలో అమ్మను పిలిచినట్టు ఆమెను బా అని పిలిచి, నేను మళ్లీ అదే ప్రశ్న అడిగాను. "బా, ఇంత మంచి ఇల్లు ఎందుకు ఖాళీగా ఉంచారు?"

ఆమె ఒలిచిన గింజలను చేత్తో సర్దుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"మేం కాఠియావాడ్ వైపు పల్లె నుంచి వచ్చినప్పుడు వరాఛాలో ఒకే గది. ఆయన అప్పుడు కూలికి వజ్రాలు సానపట్టేవాడు. ఆ గదిలో మూడు కాపురాలు. మధ్యలో నా పెళ్లి చీర అడ్డంగా కట్టేవాళ్లం. తెర అవతల మరిది దగ్గినా నాకు మెలకువ వచ్చేది. ఒకసారి నేను ఏడ్చాను. అప్పుడాయన అన్నాడు, తలుపు మూస్తే ఎవరి మాటా వినపడని ఇల్లు నీకు కొంటానని."

"కొన్నరు గదా" అంది అత్త.

"కొన్నాడు. పూజ అయ్యాక ఇద్దరం ఇక్కడే పడుకున్నాం. నిజంగానే ఎవరి మాటా వినపడలేదు. తెల్లారి నాకు జ్వరం వచ్చింది."

అత్త చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. తర్వాత నవ్వింది. శేఠాణీ కూడా నవ్వింది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"వరాఛాలో సాయంత్రం అయిందంటే ఆడవాళ్లమంతా అరుగుల మీదకి చేరతాం. కూరగాయలు తరుగుతాం, ఒకరినొకరు తిట్టుకుంటాం. ఇక్కడ ఎవరితో తిట్టుకోను? కానీ అమ్మేయమని ఆయనతో ఎలా అంటాను? అంత కష్టపడి నిలబెట్టుకున్న మాట కదా. నేను ఉండను, ఆయన అమ్మడు. అందరితో బంగారమంటాడు, బజారంటాడు."

శేఠ్ చెప్పింది అబద్ధమని కాదు. బంగారమూ నిజమే, సంబంధాలూ నిజమే. కానీ అందరికీ చెప్పగలిగిన కారణాలు అవి. ఆ మిగతా కిటికీల వెనక కూడా ఇలాంటివి ఉన్నాయో, ఉత్త లెక్కలే ఉన్నాయో నాకు తెలియదు. అప్పటినుంచి ఆ టవర్లను చూస్తే మునుపటిలా పళ్లు కొరకాలని మాత్రం అనిపించలేదు.

మరుసటిరోజు శేఠ్ భోజనానికి వచ్చాడు. బల్ల ఉన్నా, అందరం నేల మీదే కూర్చున్నాం. ఆయన పచ్చిపులుసు ముఖం ముడవకుండానే తిన్నాడు. తింటున్నంతసేపూ భార్య వైపే చూశాడు. ఆమె అత్తతో ఏదో వాదించుకుంటూ రొట్టెలు కొడుతోంది, నుదుట పిండి అంటింది.

"ఇక్కడే ఉండిపోదామా అయితే?" అన్నాడు నెమ్మదిగా.

"వీళ్లుంటే ఉంటాను" అంది ఆమె తల తిప్పకుండానే.

ఆయన మా అత్త వైపు చూశాడు. "నీళ్లు దిగంగనే పోతం శేఠ్" అంది అత్త. "ఈడ ఎక్కువ దినాలుంటే మాగ్గూడ జరమొస్తది."

పాప దాన్ని గుజరాతీలోకి మార్చి చెప్పింది. జ్వరం సంగతి మాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత పళ్లెంలో చెయ్యి పెట్టుకునే గట్టిగా నవ్వాడు. అంతటి పెద్దమనిషి అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

నీళ్లు దిగాయి. మేం ఉన్ వచ్చి బురద ఎత్తిపోసుకుని, తడిసినవి ఎండబెట్టుకుని, పాడైనవి పారేసుకున్నాం. చీరల కట్టలు మాత్రం బాగానే ఉన్నాయి. శేఠాణీ రెండు కొత్త పరుపులు పంపింది. ఆ ఫ్లాట్‌లోవే. ప్లాస్టిక్ కాగితం మాత్రం తీసేసి పంపింది.

ఆ తర్వాత అత్త వెళ్లే రోజుల్లో శేఠాణీ కూడా అప్పుడప్పుడు వరాఛా నుంచి వచ్చేది. వడియాలు పెట్టుకునేవాళ్లు, పచ్చళ్లు కలుపుకునేవాళ్లు. పన్నెండో అంతస్తులో ఎండకు తక్కువేముంది? ఆ ఎదురు టవర్‌లోంచి ఎవరో కమిటీకి ఫోన్ చేసి బాల్కనీలో చీర పరిచి వడియాలు పెడుతున్నారని ఫిర్యాదు చేశారట. శేఠాణీ ఆ మాట మాకు గర్వంగా చెప్పింది.

అలా ఒక ఏడాది గడిచింది. తర్వాత వజ్రాల బజారు నిజంగానే పడింది. వరాఛాలో ఎన్నో కార్ఖానాలకు దీపావళి సెలవులు ఎంతకూ అయిపోలేదు. శేఠ్ తన కార్ఖానా మూయలేదు. దానికోసం ఫ్లాట్ అమ్మేశాడు. అమ్మే ముందు భార్యను అడిగాడట. "నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. ఇక చాలు, ఇచ్చెయ్యి" అన్నదట. ఆమె అది చెబుతుంటే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బరువు దించుకున్నట్టు ఉంది.

కొన్నాయన ఎవరో బయటి ఊరివాడు. అత్తను పనిలో ఉండమని వాచ్‌మన్ ద్వారా చెప్పించాడు. అత్త ఒక నెల వెళ్లింది. మనిషి రాడు, ఫోన్ చేయడు, ఆడవాళ్లెవరైనా ఉన్నారో లేదో తెలియదు. "ఎవరి ఇల్లో తెల్వకుండ ఎట్ల ఊడుస్త?" అని తాళంచెవి తిరిగిచ్చేసి వచ్చింది.

ఇప్పుడు శేఠాణీయే మా ఇంటికి వస్తుంది. వాళ్ల కారు మా గల్లీలో పట్టదు, మలుపు దగ్గర దిగి నడిచి వస్తుంది. మా వీధి ఆడవాళ్లందరికీ ఆమె తెలుసు. పక్కింటి సాంచాల చప్పుడులో కూడా మంచం మీద హాయిగా ఓ కునుకు తీస్తుంది. పోయిన నెల వచ్చినప్పుడు అత్త చెవిలో ఏదో చెప్పి నవ్వింది. బజారు కొంచెం కోలుకుందట. శేఠ్ మళ్లీ ఒక ఫ్లాట్ చూస్తున్నాడట, ఈసారి డుమస్ వైపు, సముద్రం కనపడేది.

"మల్లనా? మీరు ఉండనీకా, ఉంచనీకా?" అంది అత్త.

"చూసి చెబుదువుగాని, రా" అని శేఠాణీ ఆమెను పిలిచింది.

ఆ ఆదివారం శేఠ్, శేఠాణీ, మా అత్త ముగ్గురూ కలిసి వెళ్లారు. సాయంత్రం అత్త చీర కుచ్చిళ్ల నిండా ఇసుకతో తిరిగి వచ్చింది. ఎట్లున్నది అని అడిగితే, చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"ఇంకా గోడలే లేవలేదు పిల్లా. ముగ్గురం సముద్రం కాడ కూసొని టమాట బజ్జీలు తిని వచ్చినం."